ఏ తొమ్మిదో షెడ్యూలు? రాజ్యాంగం చివరి పేజీల్లో ఏముంది, వాటిని ఎవరు మార్చగలరు

తెలంగాణ వార్తలు చదివేవాళ్లకు రెండు హెడ్డింగులు తరచుగా ఎదురవుతుంటాయి. ఒకటి, బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లును తొమ్మిదో షెడ్యూలులో చేర్చాలన్న డిమాండు. రెండోది, తొమ్మిదో షెడ్యూలు సంస్థల పంపకం ఇంకా తేలలేదన్న వార్త. పేరు ఒక్కటే కాబట్టి విషయం కూడా ఒక్కటే అనుకునే ప్రమాదం ఉంది. కానీ ఈ రెండింటికీ సంబంధం లేదు. మొదటిది భారత రాజ్యాంగంలోని తొమ్మిదో షెడ్యూలు. రెండోది 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోది. ఆ చట్టంలో తొమ్మిదో షెడ్యూలు కింద 91 కంపెనీలు, కార్పొరేషన్లు, పదో షెడ్యూలు కింద 142 సంస్థలు ఉన్నాయి. కడప ఉక్కు, విశాఖ రైల్వే జోన్ లాంటి హామీలు ఉన్న 13వ షెడ్యూలు కూడా ఆ చట్టానిదే. రాజ్యాంగంలో 13వ షెడ్యూలే లేదు. మొత్తం పన్నెండు.

క్లుప్తంగా

రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చినప్పుడు ఎనిమిది షెడ్యూళ్లు ఉండేవి. 1951లో ఒకటి, 1985లో ఒకటి, 1992లో చేసిన రెండు సవరణల ద్వారా మరో రెండు చేరాయి. ప్రతి షెడ్యూలూ ఏదో ఒక అధికరణను పట్టుకుని వేలాడుతుంది, దాని బలమంతా ఆ అధికరణ నుంచే వస్తుంది. మార్చే పద్ధతి కూడా అన్నింటికీ ఒకటి కాదు. కొన్నింటికి మామూలు చట్టం చాలు, కొన్నింటికి రాజ్యాంగ సవరణ కావాలి, ఏడో షెడ్యూలు జాబితాలకైతే రాష్ట్రాల ఆమోదం కూడా తప్పదు. వార్తల్లో వచ్చే గొడవలు చాలావరకు ఈ తేడాల దగ్గర పుట్టేవే.

దస్తావేజులో షెడ్యూలు లాంటిదే

భూమి కొన్నవాళ్లెవరికైనా షెడ్యూలు అంటే ఏమిటో తెలుసు. రిజిస్ట్రేషన్ దస్తావేజులో అమ్మేదెవరు, కొనేదెవరు, ఎంతకు, ఏ షరతుల మీద అన్నది ముందు రాస్తారు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు మాత్రం చివర షెడ్యూలు కింద వేస్తారు. పై భాగం లేకుండా హద్దులు మాత్రమే ఉన్న కాగితానికి విలువ లేదు. హద్దులు లేని దస్తావేజుతో ఏ భూమి కొన్నారో తెలియదు. రాజ్యాంగంలోనూ ఇదే ఏర్పాటు. 1వ అధికరణ భారతదేశం రాష్ట్రాల సమాఖ్య అంటుంది, ఆ రాష్ట్రాలేవో మొదటి షెడ్యూలు చెబుతుంది. 246వ అధికరణ కేంద్రానికీ రాష్ట్రాలకూ శాసనాధికారం పంచుతుంది, ఏ విషయం ఎవరిదో ఏడో షెడ్యూలులో ఉంటుంది.

ఈ మాట చుట్టూ ఇంకో అపోహ కూడా ఉంది. షెడ్యూల్డ్ కులాల జాబితా రాజ్యాంగంలోని ఏదో ఒక షెడ్యూలులో ఉంటుందని చాలామంది అనుకుంటారు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లతో సహా. పన్నెండింటిలో ఎక్కడా లేదు. 341, 342 అధికరణల కింద రాష్ట్రపతి జారీ చేసే ఉత్తర్వులకు జతచేసిన షెడ్యూళ్లలో ఎస్సీ, ఎస్టీల పేర్లు ఉంటాయి. షెడ్యూల్డ్ బ్యాంకు అనేదైతే రిజర్వు బ్యాంకు చట్టంలోని రెండో షెడ్యూలు మాట.

మూడు రకాల తాళాలు

ఒక షెడ్యూలును మార్చాలన్న డిమాండు వచ్చినప్పుడు ముందు చూడాల్సింది దాని తాళం ఏ రకందో.

మొదటి రకం తేలిక తాళం. ఒకటి, నాలుగు షెడ్యూళ్లను కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసే మామూలు చట్టంతోనే మార్చవచ్చు. అలా మార్చినా దాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించకూడదని 4వ అధికరణే చెబుతుంది. ఐదు, ఆరు షెడ్యూళ్లలోనూ అలాంటి నిబంధనే ఉంది. రెండో రకానికి ప్రత్యేక మెజారిటీ కావాలి: ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఎనిమిది, తొమ్మిది, పది షెడ్యూళ్లు ఈ కోవలోవి. మూడో రకం ఏడో షెడ్యూలు జాబితాలది. ప్రత్యేక మెజారిటీతో పాటు కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఆమోదించాలి.

తెలంగాణ బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో మూజువాణి ఓటుతో నెగ్గింది. ఒక రాష్ట్రాన్ని రెండుగా విడదీసే బిల్లును తలలు లెక్కపెట్టకుండా ఎలా ఆమోదిస్తారని అప్పట్లో చాలామంది అడిగారు. దానికి జవాబు 4వ అధికరణలోనే ఉంది. అది రాజ్యాంగ సవరణ బిల్లు కాదు కాబట్టి ప్రత్యేక మెజారిటీ లెక్క అవసరమే రాలేదు.

లింకు డాక్యుమెంట్లలాంటి ఎంట్రీ

మొదటి షెడ్యూలులో మొదటి ఎంట్రీ ఆంధ్రప్రదేశ్. ఊళ్ల పేర్లు గానీ జిల్లాల పేర్లు గానీ అందులో కనపడవు. 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టంలోని 3వ సెక్షన్ ప్రాంతాలు, వాటికి 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలోని ప్రాంతాలు, 1959లో మద్రాసుతో హద్దులు మార్చుకున్నప్పుడు వచ్చినవి, 1968లో మైసూరు నుంచి వచ్చినవి కలిపి, 1959లో మద్రాసుకు పోయినవి, 2014 చట్టంలోని 3వ సెక్షన్ ప్రాంతాలు తీసేసి, మిగిలినదే ఆంధ్రప్రదేశ్. పాత ఇల్లు కొనేటప్పుడు లాయరు ముందు పెట్టే లింకు డాక్యుమెంట్ల కట్టలా ఉంటుంది ఆ వాక్యం. ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు వచ్చిందో వరసగా చదువుకుంటూ పోవాలి.

తెలంగాణ ఎంట్రీ చిన్నది: 2014 చట్టంలోని 3వ సెక్షన్‌లో చెప్పిన ప్రాంతాలు. అప్పుడు అది 29వ నంబరు. 2019లో జమ్మూ కశ్మీర్ రాష్ట్రాల వరసలోంచి పోవడంతో 28 అయింది. పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన తీరు ఇక్కడ గమనించదగ్గది. 2014 జూలైలో పార్లమెంటు సవరించింది రాజ్యాంగ షెడ్యూలును కాదు, అది వేలెత్తి చూపిస్తున్న ఆ 3వ సెక్షన్‌ను. షెడ్యూలులో అక్షరం కదల్లేదు గానీ రాష్ట్రాల హద్దు మారింది.

నాలుగో షెడ్యూలులో రాజ్యసభ సీట్ల లెక్క ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రానికున్న 18 సీట్లలో 11 ఆంధ్రప్రదేశ్‌కు, 7 తెలంగాణకు వచ్చాయి. అప్పటికే పదవిలో ఉన్న సభ్యుల్లో ఎవరు ఏ రాష్ట్రానికన్నది లాటరీ తీసి తేల్చారు. ఆ లాటరీలో టీఆర్‌ఎస్ నేత కె. కేశవరావు ఆంధ్రప్రదేశ్ సభ్యుడయ్యారు, టీడీపీలో ఉన్న సీఎం రమేష్ తెలంగాణ సభ్యుడయ్యారు.

రెండు, మూడు షెడ్యూళ్ల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. రెండోదాంట్లో జీతాలుంటాయి. రాష్ట్రపతికి నెలకు 10,000 రూపాయలు, గవర్నరుకు 5,500 అని 1950లో రాసిన అంకెలు పార్లమెంటు వేరే చట్టం చేసేవరకే అన్న షరతుతో ఉన్నాయి. చట్టాలు మారి రాష్ట్రపతి జీతం ఇప్పుడు 5 లక్షలు. మూడోదాంట్లో మంత్రులు, ఎమ్మెల్యేలు, జడ్జీలు చదివే ప్రమాణ పాఠాలుంటాయి. టీవీలో అందరికీ అలవాటైన ‘రాగద్వేషాలు లేకుండా’ అన్న మాట అక్కడిదే. రాష్ట్రపతి, గవర్నర్ల ప్రమాణాలు మాత్రం ఇందులో ఉండవు, అవి 60, 159 అధికరణల్లోనే ఉన్నాయి.

యానాం బంకులో ఏడో షెడ్యూలు

ఏడో షెడ్యూలు రాజ్యాంగ సభ కొత్తగా కనిపెట్టింది కాదు. 1935 భారత ప్రభుత్వ చట్టంలోనూ అధికారాల జాబితాలు మూడే, వాటి షెడ్యూలు నంబరు కూడా ఏడే. అందులో ఫెడరల్ జాబితాకు 59, ప్రాంతీయ జాబితాకు 54, ఉమ్మడి జాబితాకు 36 అంశాలుండేవి. 1950లో అవి కేంద్రానికి 97, రాష్ట్రాలకు 66, ఉమ్మడికి 47 అయ్యాయి. మూడింటిలో దేనికీ అందని విషయం కేంద్రానిదే.

1976లో 42వ సవరణ ఐదు విషయాలను రాష్ట్ర జాబితాలోంచి ఉమ్మడి జాబితాకు తరలించింది. చదువు, అడవులు అందులో ముఖ్యమైనవి. ఉమ్మడి జాబితాలో కేంద్ర చట్టం, రాష్ట్ర చట్టం ఢీకొంటే 254వ అధికరణ ప్రకారం సాధారణంగా కేంద్ర చట్టమే నిలుస్తుంది. రాష్ట్రపతి ఆమోదం దొరికితే రాష్ట్ర చట్టం ఆ రాష్ట్రం వరకు చెల్లుతుంది. నీట్ వద్దనే రాష్ట్రం ఢిల్లీ చుట్టూ ఎందుకు తిరగాలో ఇక్కడ తెలుస్తుంది.

ఈ జాబితాల ప్రభావం జేబుకు తగిలేది పెట్రోలు బంకులో. యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశే, యానాం మాత్రం పుదుచ్చేరిది. అక్కడ పెట్రోలు తక్కువకు వస్తుందని చుట్టుపక్కల వాళ్లు బండి అటు తిప్పడం మామూలే. దేశమంతా ఒకే పన్ను అన్న జీఎస్టీ వచ్చాక కూడా ఈ తేడా ఎందుకు? 2016లో 101వ సవరణ రాష్ట్ర జాబితాలోని 54వ ఎంట్రీని తిరగరాసింది. అమ్మకం పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఆరింటి మీదే మిగిలింది: ముడిచమురు, డీజిల్, పెట్రోలు, సహజవాయువు, విమాన ఇంధనం, తాగే మద్యం. ఖజానాకు నమ్మకంగా డబ్బు తెచ్చేవి ఇవే కాబట్టి రాష్ట్రాలు వీటిని వదులుకోలేదు. ఈ ఆరింటిలోనూ ఒక తేడా ఉంది. మొదటి ఐదింటిని జీఎస్టీలోకి తేవాలంటే జీఎస్టీ కౌన్సిల్ తేదీ సిఫారసు చేస్తే చాలు. మద్యాన్ని మాత్రం జీఎస్టీ నిర్వచనంలోనే పక్కన పెట్టారు, దాన్ని తేవాలంటే రాజ్యాంగాన్నే సవరించాలి.

ఎంట్రీలోని ఒక్క మాటకు అర్థం తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పే కేసు కూడా మద్యానిదే. రాష్ట్ర జాబితా 8వ ఎంట్రీలోని ‘మత్తు కలిగించే ద్రవాలు’ అన్న మాటలో పరిశ్రమల్లో వాడే ఆల్కహాలు కూడా వస్తుందని 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 8–1 మెజారిటీతో తేల్చింది. 1990లో ఏడుగురు జడ్జీలు ఇందుకు భిన్నంగా చెప్పి ఉన్నారు.

పంచాయతీల జాబితాను దీని పక్కన పెట్టి చూస్తే అధికరణ బలం ఏమిటో తెలుస్తుంది. పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు 29 విషయాలు, పన్నెండో దాంట్లో మునిసిపాలిటీలకు 18 ఉన్నాయి. కానీ 246వ అధికరణ శాసనసభకు అధికారం ‘ఉంది’ అంటే, పంచాయతీలకు సంబంధించిన 243జి అధికరణ శాసనసభ ‘ఇవ్వవచ్చు’ అంటుంది. పదకొండో షెడ్యూలులో 28వ అంశం ప్రజా పంపిణీ వ్యవస్థ. ఊళ్లో రేషన్ డీలరును నియమించేది మాత్రం ఆర్డీవో. సర్పంచి షెడ్యూలు చేతపట్టుకుని వెళ్లి అడిగినా ఫలితం ఉండదు, రాష్ట్ర ప్రభుత్వం ఆ అధికారం బదిలీ చేసి ఉండాలి.

ఏజెన్సీకి ఐదు, ఈశాన్యానికి ఆరు

మన్యాన్ని జనం ఇప్పటికీ ఏజెన్సీ అనే అంటారు. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టులు, చట్టాల పరిధిలోంచి తప్పించి గవర్నరు ఏజెంటుకు అప్పగించారు, ఆ పేరు అప్పటిది. ఐదో షెడ్యూలు ఆ పాత పద్ధతికి స్వతంత్ర భారతం ఇచ్చిన రూపమనుకోవచ్చు, అయితే ఉద్దేశం గిరిజనుల రక్షణ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో కలిపి పది రాష్ట్రాల్లో షెడ్యూల్డ్ ప్రాంతాలున్నాయి. అక్కడ ఏ చట్టమైనా వర్తించకూడదని గాని, మార్పులతో వర్తించాలని గాని గవర్నరు ఉత్తర్వు ఇవ్వవచ్చు. భూముల బదిలీ మీద రెగ్యులేషన్లు కూడా చేయవచ్చు, వాటికి రాష్ట్రపతి ఆమోదం కావాలి.

తెలుగు ఏజెన్సీలో ‘వన్ సెవెంటీ’ అని అందరూ పిలిచే 1/70 అలా వచ్చిందే. 1959 భూ బదలాయింపు నియంత్రణను 1970లో సవరించిన మొదటి రెగ్యులేషన్ అది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. అనంతగిరి ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం ఇచ్చిన గనుల లీజులు ఆ కేసులోని వివాదం. ఈ నియంత్రణలో ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, కాబట్టి సర్కారు భూమిని సర్కారే గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని తీర్పు వచ్చింది.

అదే షెడ్యూలు 2020లో గిరిజనులకు అక్కరకు రాలేదు. ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఉన్న చట్టాన్ని ఆపడమో మార్చడమో చేసే అధికారమే గవర్నరుది, కొత్త చట్టం చేయడం ఆ పరిధిలోకి రాదని, ప్రాథమిక హక్కులను దాటి వెళ్లడం కుదరదని ఐదుగురు జడ్జీలు చెప్పారు. భూమి విషయంలో గట్టిగా నిలిచిన షెడ్యూలు ఉద్యోగాల దగ్గర నిలవకపోవడానికి కారణం ఉంది. భూమి బదిలీ గురించి ఐదో షెడ్యూలు పేరు పెట్టి చెబుతుంది, ఉద్యోగాల గురించి అలా చెప్పదు.

ఆరో షెడ్యూలు తీరు వేరు. అక్కడ గవర్నరు దయ మీద అంతగా ఆధారపడరు. అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలలో ఎక్కువమంది ఎన్నికైన సభ్యులతో నడిచే పది స్వయంప్రతిపత్తి మండళ్లు ఉన్నాయి. భూమి, పోడు, వారసత్వం, పెళ్లి ఆచారాల మీద అవే చట్టాలు చేసుకుంటాయి, కొన్ని పన్నులు వేసుకుంటాయి. 2019లో శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతమైన లద్దాఖ్ అడుగుతున్నది ఇదే. జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ కూడా ఆ ఏడాదే అందుకు సిఫారసు చేసింది. షెడ్యూలు తాళం తేలికదే గాని, అది వేలాడే 244(2)వ అధికరణలో నాలుగు రాష్ట్రాల పేర్లే ఉన్నాయి. త్రిపురను అందులో చేర్చడానికి 1984లో 49వ రాజ్యాంగ సవరణ చేయాల్సి వచ్చింది.

తొమ్మిదో షెడ్యూలు కవచం ఎంత గట్టిది

ఇక మొదట చెప్పుకున్న డిమాండు దగ్గరికి వస్తే, తొమ్మిదో షెడ్యూలు పుట్టింది రిజర్వేషన్ల కోసం కాదు, జమీందారీల రద్దు కోసం. బిహార్ భూసంస్కరణల చట్టాన్ని పట్నా హైకోర్టు 1951లో కొట్టేయడంతో మిగతా రాష్ట్రాల చట్టాలూ ప్రమాదంలో పడ్డాయి. అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ 31బి అధికరణను, దానికి జతగా ఈ షెడ్యూలును తెచ్చింది. ఇందులో చేర్చిన చట్టం ప్రాథమిక హక్కులకు విరుద్ధమన్న కారణంతో చెల్లకుండా పోదు. మొదట చేర్చినవి 13 చట్టాలు. అందులో నాలుగు తెలుగు నేలకు సంబంధించినవి: మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, దాని సవరణ, హైదరాబాద్ జాగీర్ల రద్దు రెగ్యులేషన్, జాగీర్ల పరిహారం రెగ్యులేషన్. ఆ హైదరాబాద్ రెగ్యులేషన్ల పక్కన 1358, 1359 అని ఫసలీ సంవత్సరాలే (నాటి రెవెన్యూ లెక్క సంవత్సరాలు) ఉన్నాయి.

తర్వాత ఇది అవసరమైనదీ లేనిదీ దాచుకునే బీరువా అయింది. ఎమర్జెన్సీ కాలంలో విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టాన్ని కూడా ఇందులో పెట్టారు, 44వ సవరణ దాన్ని బయటికి తీసింది. 1995లో 78వ సవరణతో నంబరు 284 దాకా వెళ్లింది. ఆ తర్వాత కొత్త ఎంట్రీ ఏదీ చేరలేదు.

బీరువా మీద నమ్మకం సడలింది 2007 జనవరి 11న. కోయెలో కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మంది ఒక తేదీ గీత గీశారు. కేశవానంద భారతి తీర్పు వచ్చిన 1973 ఏప్రిల్ 24 తర్వాత ఈ షెడ్యూలులో చేరిన ఏ చట్టాన్నైనా రాజ్యాంగ మౌలిక స్వరూపానికి, అంటే సవరణతో కూడా చెరపకూడని మూల లక్షణాలకు, భంగం కలిగిస్తుందా లేదా అని కోర్టు పరిశీలించవచ్చు. రిజర్వేషన్ల చర్చలో అందరూ చూపించే తమిళనాడు 69 శాతం చట్టం 1994లో 76వ సవరణ ద్వారా 257ఎ నంబరుతో చేరింది. అంటే అది కూడా గీతకు ఇవతలే ఉంది.

తెలంగాణ ఈ తలుపు తట్టడం ఇదే మొదటిసారి కాదు. ముస్లింలకు 12 శాతం, గిరిజనులకు 10 శాతం కలిపి మొత్తాన్ని 62 శాతానికి తీసుకెళ్లే బిల్లును 2017లో ఆమోదించినప్పుడూ ఇదే కోరింది. 2025 మార్చిలో 42 శాతం బీసీ బిల్లులను శాసనసభ ఆమోదించింది. అవి ఢిల్లీలో ఉండగానే స్థానిక ఎన్నికల కోసం సెప్టెంబరులో జీవో ఇస్తే అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

తొమ్మిదో షెడ్యూలు దారిలో వెళ్లాలంటే ముందు బిల్లుకు ఆమోదం దొరికి చట్టం కావాలి. తర్వాత దాన్ని చేర్చడానికి పార్లమెంటులో రాజ్యాంగ సవరణ బిల్లు రావాలి, అది కేంద్రం తలచుకుంటేనే సాధ్యం. ప్రత్యేక మెజారిటీతో నెగ్గాలి. ఇవన్నీ దాటాక కూడా, రిజర్వేషన్లు మొత్తం 50 శాతం దాటకూడదన్న పరిమితి సమానత్వ హక్కులో భాగమా, అది మౌలిక స్వరూపంలోకి వస్తుందా అన్న ప్రశ్న కోర్టులో ఎదురవుతుంది. షెడ్యూలులో చేరితే చట్టం వెంటనే అమలు చేసుకునే వీలు దొరుకుతుంది, రాజకీయంగా అది చిన్న విషయం కాదు. కానీ కోర్టు ఇక ముట్టుకోదన్న హామీ 2007 తర్వాత ఎవరూ ఇవ్వలేరు.

ఎనిమిదో షెడ్యూలు చుట్టూ కూడా ఇలాంటి అతి అంచనాలే ఉన్నాయి. 14 భాషలతో మొదలై 22కు చేరిన ఆ జాబితాలో తెలుగు మొదటినుంచీ ఉంది. ఇంగ్లీషు లేదు. 344, 351 అధికరణలు దానికిచ్చిన పని చిన్నది: అధికార భాషా కమిషన్‌లో ప్రాతినిధ్యం, హిందీ పదసంపద పెంపునకు వనరు. తెలుగుకు 2008లో వచ్చిన ప్రాచీన హోదాకు ఈ షెడ్యూలుతో సంబంధం లేదు. తెలుగు రాష్ట్రాల్లో మాట్లాడే గోండి, కోయ, సవర ఇప్పటికీ ఇందులో లేవు.

మూడింట రెండొంతుల లెక్క

పదో షెడ్యూలు 1985లో 52వ సవరణతో వచ్చింది. గెలిచిన పార్టీని వదిలినా, సభలో ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశమైన విప్ ధిక్కరించినా సభ్యత్వం పోతుంది. మొదట్లో మూడోవంతు మంది చీలితే మినహాయింపు ఉండేది, 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు మిగిలింది విలీనం దారి, దానికి మూడింట రెండొంతుల మంది కావాలి. 2018లో తెలంగాణలో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఎంపీగా ఎన్నికై ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశాక 18 మిగిలాయి. 2019 జూన్‌లో టీఆర్‌ఎస్‌లో విలీనమన్నది సరిగ్గా 12 మంది. 19 మందే ఉండి ఉంటే 13 కావాల్సి వచ్చేది. అదే నెలలో టీడీపీ రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో విలీనమయ్యారు. అక్కడా అంచు మీద సరిపోయిన లెక్కే.

తాళాల తేడా కోర్టులో బయటపడింది కూడా ఈ షెడ్యూలులోనే. స్పీకర్ నిర్ణయాన్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని ఇందులో ఏడో పేరా ఉండేది. హైకోర్టుల, సుప్రీంకోర్టు అధికారాన్ని తగ్గించే మార్పుకు సగం రాష్ట్రాల ఆమోదం కావాలి. 1985లో అది తీసుకోలేదు. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు షెడ్యూలును 3–2తో నిలబెట్టి, ఏడో పేరాను మాత్రం కొట్టేసింది.

అందువల్ల స్పీకర్ నిర్ణయం మీద కోర్టుకు వెళ్లవచ్చు, కాకపోతే ముందు ఆయన నిర్ణయం తీసుకోవాలి. ఎన్ని రోజుల్లో తీసుకోవాలన్నది పదో షెడ్యూలులో లేదు. బీఆర్‌ఎస్ నుంచి గెలిచిన పదిమంది ఎమ్మెల్యేల మీద ఫిర్యాదుల్లో మూడు నెలల్లోగా తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కు చెప్పింది. ఆ గడువు ఆ కేసు వరకే. అన్ని సభలకూ వర్తించేలా గడువును షెడ్యూలులోనే రాయాలంటే, రాయాల్సింది పార్లమెంటు, అది కూడా ప్రత్యేక మెజారిటీతో.